అమ్మకి రిలీవింగ్ ఆర్డర్ ఎవరిస్తారు?

మా అమ్మ ముప్పై మూడేళ్లు ఖమ్మం జిల్లా బడుల్లో తెలుగు చెప్పి 2023 జూన్ నెలాఖరున రిటైరయింది. అదే రోజు అదే బడిలో లెక్కల సారు కూడా రిటైరయ్యారు. ఒకే షామియానా కింద ఇద్దరికీ ఒకే రకం శాలువాలు, ఒకే రకం దండలు. మాట్లాడినవాళ్లు మాత్రం ఇద్దరి గురించీ ఒకే మాట చెప్పలేదు. సారు ఇకనైనా తనకిష్టమైన వ్యవసాయం చూసుకోవాలనీ, సంఘం పనుల్లో ఇంకా చురుగ్గా ఉండాలనీ కోరారు. అమ్మ గురించి మాట్లాడిన ఏడుగురూ "మేడంగారు శేషజీవితం మనవలతో, మనవరాళ్లతో ఆనందంగా గడపాలి" అనే కోరుకున్నారు. ఏడాదిన్నర పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు వరసలో ఉన్న నేను చప్పట్లు కొట్టాను. స్త్రీవాద సాహిత్యం చదువుకున్నదాన్నే, కానీ ఆ రోజు నాకందులో వివక్ష కనిపించలేదు. నిజం చెప్పాలంటే, నాకు అవసరమైన మాటే వాళ్లందరూ అంటున్నారు.

స్త్రీల యాత్రా రచనల మీద నా సిద్ధాంత వ్యాసం అప్పటికి సగంలో ఆగిపోయి ఉంది. నాన్న పోయి ఆరేళ్లయింది కాబట్టి అమ్మకి "అక్కడ ఒంటరిగా ఉండి చేసేదేముంది" అనే వాదన కూడా సిద్ధంగా ఉంది. వారం తిరక్కుండానే ఆమె హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. ఆరు నెలలకని వచ్చి రెండేళ్లుంది. స్త్రీలు గడప దాటడం గురించి నేను మూడు వందల పేజీలు రాయడానికి ఒక స్త్రీ నా గడప లోపల ఉండిపోవాల్సి వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఆమెకి రెండు వాక్యాలు రాశాను. డాక్టరేట్ వచ్చింది. ఆ వ్యాసాన్ని పుస్తకంగా తెద్దామని మళ్లీ చదువుతున్నప్పుడు, అందులో నేను అడగని ప్రశ్న ఒకటుందని అర్థమైంది. యాత్ర చేసిన స్త్రీ ఏం చూసింది, ఎలా రాసింది అని అడిగాను. ఆమెని ఇంటి పని నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ షరతు మీద వదిలారని అడగలేదు.

ఆ ప్రశ్నతో ముగ్గురు పాశ్చాత్య స్త్రీల కథల్ని మళ్లీ చదివాను. ముగ్గురూ ఏదో ఒక బాధ్యత ముగిశాక రోడ్డెక్కినవాళ్లే. కానీ ముగ్గురి 'విరమణ' ఒకటి కాదు.

మొదటిది ఆన్ మస్టో. ఇంగ్లండ్‌లో ఆడపిల్లల బడికి ప్రధానోపాధ్యాయురాలు. భర్త అంతకు చాలా ముందే పోయారు. ఒకసారి సెలవుల్లో మన రాజస్థాన్‌లో బస్సులో వెళ్తూ, థార్ ఎడారిలో ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఒక యూరోపియన్ని కిటికీలోంచి చూసింది. ఆ కోరిక ఆమెని వదల్లేదు. 1987లో, 54 ఏళ్ల వయసులో ఉద్యోగానికి రాజీనామా చేసి సైకిల్ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. అప్పటికామెకి పంక్చర్ వేసుకోవడం కూడా రాదు. 12,000 మైళ్ల ఆ ప్రయాణాన్ని 1991లో 'ఎ బైక్ రైడ్' పేరుతో పుస్తకం చేసింది. 2009లో, 76 ఏళ్ల వయసులో, మరో ప్రయాణంలో ఉండగానే సిరియాలోని అలెప్పోలో చనిపోయింది.

మస్టోలో నాకు బాగా నచ్చింది ఆమె సాహసానికున్న కొలతల్ని ఒప్పుకోకపోవడం. గుడారాలన్నా, ఆరుబయట వంటలన్నా తనకి గిట్టదని ఆమె దాచుకోలేదు. పగలంతా తొక్కాక రాత్రికి మంచం కావాలి, దొరికితే వేడినీళ్లు కావాలి. కష్టం ఎంత ఎక్కువైతే సాహసం అంత గొప్పదనే లెక్క మగవాళ్ల యాత్రా సాహిత్యం మనకి అలవాటు చేసింది. జీవితమంతా నేల మీద పడుకున్న స్త్రీకి నేల మీద పడుకోవడం సాహసమెలా అవుతుంది? ఆమెకి ఎవరో పరిచిన పక్క మీద నిద్రపోవడమే కొత్త దేశం. మస్టో ఈ మాట ఇలా అనలేదు, ఆమె పరిస్థితి వేరు. ఆమె హాస్యం లోంచి నేను తెచ్చుకున్న అర్థమిది.

అయితే మస్టోది అన్నిటికన్నా తేలికగా అర్థమయ్యే విరమణ. జీతం వచ్చే ఉద్యోగం, దానికి రాజీనామా పత్రం, చార్జి అప్పగించడానికి వారసురాలు. చేతిలో దాదాపు ఎక్కడికైనా పోనిచ్చే పాస్‌పోర్ట్. పని మొదలైన తేదీ, ముగిసిన తేదీ రెండూ కాగితం మీద ఉన్న స్త్రీలు ప్రపంచంలో ఎంతమంది?

రెండోది డెర్వ్లా మర్ఫీ. ఐర్లండ్‌లోని లిస్మోర్ ఊరు. పదో పుట్టినరోజుకి ఒక సైకిలూ, ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి. అవి రెండూ చూసుకుని ఇండియా దాకా తొక్కుకుంటూ పోవాలని ఆ పిల్ల నిర్ణయించుకుంది. వెళ్లింది మాత్రం 31 ఏళ్లకి. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఆమెకి పేరు తెచ్చిన 'ఫుల్ టిల్ట్' కాదు, 1979లో వచ్చిన ఆత్మకథ 'వీల్స్ వితిన్ వీల్స్' చదవాలి. తల్లి కీళ్లవాతంతో మంచాన పడింది. పద్నాలుగేళ్లకి డెర్వ్లా బడి మానేసి ఆమెకి సేవ చేయడం మొదలుపెట్టింది. 1961లో తండ్రి, 1962లో తల్లి చనిపోయారు. 1963 జనవరిలో, యూరప్ మంచులో కూరుకుపోయి ఉన్నప్పుడు, ఆమె సైకిలెక్కింది. అదే ఏడు జులైకి ఢిల్లీ చేరింది.

విమర్శకులు ఎక్కువగా రాసేది ఆమె తోడేళ్లని ఎదుర్కోవడం గురించి, వెంట ఉంచుకున్న పిస్టల్ గురించి. నన్ను ఆపింది ఆ పదహారేళ్లు. ప్రేమించిన తల్లి మీదే లోలోపల పేరుకున్న కసిని, ఆ కసి తెచ్చే అపరాధ భావాన్ని ఆమె దాచకుండా రాసింది. మన దగ్గర సేవని రాసేటప్పుడు ఋణమంటాం, పుణ్యమంటాం. చేసేవాళ్లకి అది చాకిరీ కూడా అని రాయడానికి మనకింకా చెయ్యి రాదు. మర్ఫీకి రిలీవింగ్ ఆర్డర్ ఇచ్చింది మృత్యువు. అమ్మ పోతేగాని కూతురు కదల్లేని ఇల్లది. తర్వాత ఆమె ఐదేళ్లు కూడా నిండని తన కూతుర్ని వెంటబెట్టుకుని మన కొడగు దాకా వచ్చి, ఆ ప్రయాణం గురించి 1976లో ఇంకో పుస్తకం రాసింది. బిడ్డని ఎవరికో అప్పగించి వెళ్లే బదులు బిడ్డతోనే దారిపట్టడం, ఆ మంచం పక్కన గడిచిన పదహారేళ్లకి ఆమె ఇచ్చుకున్న జవాబని నాకనిపిస్తుంది.

మూడోది ఎమ్మా గేట్‌వుడ్. ఈమె పుస్తకం రాయలేదు. బెన్ మాంట్‌గోమరీ అనే పాత్రికేయుడు 2014లో ఆమె జీవితాన్ని పుస్తకంగా తెచ్చాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైతు కుటుంబం. పదకొండు మంది పిల్లలు, కొట్టే భర్త. దెబ్బలు తిన్నాక ఊపిరి తీసుకోవడానికి ఆమె అడవిలోకి వెళ్లిపోయేదట. 1941లో విడాకులయ్యాయి. పిల్లలు ఒక్కొక్కరే ఎదిగి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, అలా నడిచొస్తానని పిల్లలతో చెప్పి జార్జియాలో మొదలుపెట్టి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా అపలాచియన్ కాలిబాట మొత్తం నడిచింది. రెండు వేల మైళ్లకి పైన, 146 రోజులు. ఆ దారిని ఒంటరిగా ఒకే విడతలో పూర్తిచేసిన మొదటి స్త్రీ ఆమె. గుడారం లేదు. తానే కుట్టుకున్న గుడ్డ సంచి, ఒక దుప్పటి, వానకి కప్పుకోవడానికి స్నానాల గది ప్లాస్టిక్ తెర, కాళ్లకి కాన్వాస్ బూట్లు. అంతకు ముందు ఏడాది ప్రయత్నించి, దారి తప్పి, కళ్లజోడు పగలగొట్టుకుని వెనక్కి వచ్చిన మనిషి ఈమె.

విలేకరులు దారిలో కాపుకాసి ఎందుకు నడుస్తున్నావని అడిగారు. ఆమె ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పింది. భర్త సంగతి మాత్రం చెప్పలేదు. పత్రికలు ఆమెకి 'గ్రాండ్‌మా' అని పేరు పెట్టి, "ఈ వయసులో!" అని ఆశ్చర్యపోయాయి. ఆ ఆశ్చర్యం ఇష్టంగా చేసిందే గానీ, అది కప్పేసిన విషయం చాలా ఉంది. అరవై ఏడేళ్ల మనిషి ఇంత దూరం ఎలా నడిచిందన్నది పత్రికల ప్రశ్న. ఇంత నడవగల మనిషిని అరవై ఏడేళ్ల దాకా ఆపిందేమిటన్నది అడగాల్సిన ప్రశ్న. మొదటిది అడిగితే ఆమె ఒక వింత. రెండోది అడిగితే ఆ ఇల్లూ, ఆ పెళ్లీ జవాబు చెప్పుకోవాలి.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే నాకు తెలిసిందిది. విరమణ అనే మాట మగవాడి ఉద్యోగం కొలతతో కుట్టింది. ఒక తేదీ, ఒక కాగితం, తర్వాత విశ్రాంతి. స్త్రీ చేసే పనుల్లో జీతమొచ్చే దానికే ఆ తేదీ ఉంటుంది. రెండోదానికి ఒక చావో, విడాకులో, పిల్లల ఎదుగుదలో తేదీ అవుతుంది. లేదా ఎప్పటికీ అవదు. అందుకే మగవాడు రిటైరయ్యాక నడిస్తే కాలక్షేపమంటారు, స్త్రీ నడిస్తే "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడుగుతారు.

మనవైపు చూస్తే ఇంకొక చిక్కుంది. మన స్త్రీలు నడవలేదని ఎవరూ అనలేరు. నాట్లకీ, కట్టెలకీ, నీళ్లకీ నడిచిన కూలి స్త్రీకి విరమణ తేదీ లేదు, ఆమె నడకకి యాత్ర అన్న గౌరవమూ లేదు. మస్టో మైళ్లని లెక్కపెట్టే మన విమర్శ ఆ అడుగుల్ని లెక్కపెట్టదు. మా అమ్మ సంగతే చూస్తే, మొదటి తొమ్మిదేళ్లు బస్సు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిచి బడికి వెళ్లేది, మళ్లీ మూడు వెనక్కి. ఏడాదికి 220 పనిదినాలు వేసుకున్నా అది 11,880 కిలోమీటర్లు. గేట్‌వుడ్ నడిచిన దారికి మూడున్నర రెట్లు. దాన్నెవరూ సాహసమనలేదు, హాజరు అన్నారు.

ఇంటి పని మానేసి నడవడానికి మన సమాజం ఇచ్చిన ఒకే ఒక అనుమతి భక్తి. మొక్కుందంటే చాలు, అత్తగారు కూడా ఆపరు. అలిపిరి మెట్లెక్కే ఆడవాళ్ల గుంపుల్లో, శివరాత్రికి నల్లమల దాటి శ్రీశైలం పోయే నడకల్లో ఆ అనుమతిని వాడుకునే నేర్పు కనిపిస్తుంది. రెండేళ్లకోసారి మేడారంలో చెట్ల కింద గుడారాలు వేసుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుని అడవిలో రాత్రుళ్లు గడిపే లక్షలమంది స్త్రీలని చూసినవాళ్లెవరూ క్యాంపింగ్ మనది కాదనలేరు. అక్కడ కొలిచేది కూడా ఒక నడకనే. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచిపోయి మళ్లీ కనిపించలేదని కథ. ఇంటికి తిరిగి రాని స్త్రీని దేవతగా నిలుపుకున్న చోటది. అయినా ఆ చెట్ల కింద కూడా పొయ్యి ముందు కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు.

మన కావ్యాల్లో అందరికన్నా ఎక్కువ నడిచిన స్త్రీ సీత. పద్నాలుగేళ్ల నడక, ఆకుల గుడిసెల్లో కాపురం. భద్రాచలం దగ్గర పర్ణశాలకి వెళ్తే సీతమ్మ వాగు పక్కన ఒక బండ చూపిస్తారు. సీత నారచీరలు ఆరేసుకున్న గుర్తులట అవి. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆ చారల్ని వింతగా చూశాను. ఇప్పుడు చూస్తే వేరే అనిపిస్తుంది. రాముడి గుర్తుగా లోకం బాణాన్నీ వారధినీ చెప్పుకుంటే, అంత దూరం నడిచిన సీత గుర్తుగా అక్కడ మిగిలింది బట్టలుతికిన చోటు. దాన్ని నేను హేళనగా అనడంలేదు. ఆ బండని గుర్తుపెట్టుకున్నది బట్టలుతికే స్త్రీలే అయ్యుంటారని నా ఊహ. అరణ్యవాసంలో కూడా ఆ పని ఆగదని వాళ్లకి తెలుసు.

ఇల్లు కదలని ఊర్మిళకి మన స్త్రీల పాటలు పద్నాలుగేళ్ల నిద్రనిచ్చాయి. 'ఊర్మిళాదేవి నిద్ర' పాడుకున్న స్త్రీలు తెల్లవారుజామున లేచి రాత్రి అందరికన్నా ఆఖరున పడుకున్నవాళ్లు. ఎవరూ లేపని నిద్ర కన్నా పెద్ద సెలవు వాళ్ల ఊహకి అందలేదేమో. ఓల్గా 'విముక్త'లో అదే ఊర్మిళ తలుపులు మూసుకుని తన గురించి తాను ఆలోచించుకునే మనిషి అవుతుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి తన పేరు మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ ఇల్లు వదిలి బయల్దేరుతుంది. నిద్ర నుంచి ఆలోచనకి, ఆలోచన నుంచి బయటి దారికి మన సాహిత్యం వచ్చిన వరస ఇది. నా సిద్ధాంత వ్యాసంలో ఈ వరసని చూపించి మెప్పు పొందాను. ఆ కథల స్త్రీలు గడప దాటాక, ఆ ఇంట్లో పసిపిల్లని ఎవరు చూసుకున్నారన్న ప్రశ్న నా పేజీల్లో లేదు. నా ఇంట్లో దాన్ని అమ్మ చూసుకుంటోంది గనుక నాకది తోచలేదు.

ఇంతకీ ఆ సీతమ్మ దారి సంగతి. ఆన్ మస్టో 2001లో 'టూ వీల్స్ ఇన్ ది డస్ట్' అని ఇంకో పుస్తకం తెచ్చింది. రాముడి కథ జరిగిందనుకునే చోట్లని పట్టుకుని కాఠ్మండూ నుంచి కాండీ దాకా సైకిల్ మీద తిరిగిన పుస్తకం. ఉద్యోగం వదిలేసిన ఒక ఇంగ్లీషు పంతులమ్మ మన రామాయణం దారిలో పడిపోవడం గురించి 2025 జనవరిలో ఒక సదస్సుకి పత్రం రాస్తున్నాను. సరిగ్గా ఆ వారమే అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. తనతో పనిచేసి రిటైరైన ముగ్గురు టీచర్లు భద్రాచలం నుంచి పర్ణశాలకి నడిచి వెళ్తున్నారట. ముప్పై అయిదు కిలోమీటర్లు, రెండు రోజులు, రాత్రికి దారిలో పాత విద్యార్థిని ఇంట్లో పడక.

"మొక్కేమైనా ఉందా అమ్మా?" అన్నాను.

"మొక్కేం లేదు. ఊరికే నడుద్దామని."

"ఆటోలో గంట. ఈ వయసులో ఇదేం సరదా? పైగా సదస్సు రోజులే. పాప సంగతి?"

"సరేలే," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లు ముగ్గురూ వెళ్లారు, ఫొటోలు పంపారు. అమ్మ ఒక చేత్తో పాపకి అన్నం పెడుతూ ఇంకో చేత్తో ఫోన్ దూరంగా పట్టుకుని వాటిని చూసింది. నేను సదస్సులో స్త్రీలు, దారులు, స్వేచ్ఛ గురించి మాట్లాడి వచ్చాను. గేట్‌వుడ్‌ని చూసి విలేకరులన్న "ఈ వయసులో" అన్న మాట నా నోట్లోంచే వచ్చిందని గ్రహించడానికి నాకు నెలలు పట్టింది. మొక్కు లేనిదే ఆడవాళ్లు నడవకూడదన్న చట్టాన్ని కూడా నేనే చదివి వినిపించాను. పితృస్వామ్యం గురించి రాసేటప్పుడు అది ఎక్కడో మగవాళ్ల దగ్గర ఉంటుందన్నట్టు రాస్తాం. మా ఇంట్లో అది నా టైంటేబుల్లో ఉంది.

నా భర్త మాటేమిటని మీరడగొచ్చు. అడగాలి కూడా. అతని ఉద్యోగం గురించి, దానికెవరూ ముట్టుకోని గంటల గురించి నేనూ అమ్మా ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. సర్దుకోవాల్సిన సమయం ఎప్పుడూ ఇద్దరాడవాళ్లదే అయింది. నా చదువుకి చోటు అమ్మ విశ్రాంతిలోంచి కోసుకున్నాం. క్రెష్ అన్న మాట ఇంట్లో వచ్చింది ఆ ఏడు వేసవిలో. అమ్మ జూన్‌లో తన ఊరు వెళ్లిపోయింది.

ఈ జనవరిలో ఆ నలుగురూ మళ్లీ నడిచారు. అమ్మకి 63 ఏళ్లు. రెండో రోజు సాయంత్రం నేనే ఫోన్ చేశాను. కాళ్లకి బొబ్బలెక్కాయంది, రాత్రి దోమలన్నది, మిరపచేల మధ్య ఒకచోట టీ బాగుందన్నది. సీతమ్మ బండ చూశావా అని అడిగాను.

"చూశాం. చిన్నప్పుడు నీకు చూపించినట్టే ఉంది. కాసేపు వాగులో కాళ్లు పెట్టుకు కూర్చున్నాం. ఎవరికీ ఇంటికెళ్లే తొందర లేదు."

నేనింకా ఏదో పెద్ద మాట కోసం ఎదురుచూశాను. ఆమె చెప్పలేదు. ఫోన్లో బ్యాటరీ అయిపోతోందని పెట్టేసింది.

నా పుస్తకంలో ఇప్పుడొక అధ్యాయం తిరగరాస్తున్నాను. ప్రతి యాత్రికురాలి పక్కనా ఆమె పనిని ఎత్తుకున్నవాళ్లెవరో, ఎత్తుకోకుండా ఆమెని ఆపినవాళ్లెవరో రాయాలని నా ప్రయత్నం. ఆ జాబితాలో నా పేరు రెండో గడిలో వస్తుంది. కృతజ్ఞతల పేజీని ఇంకా ముట్టుకోలేదు. వచ్చే ఏప్రిల్‌లో క్రెష్‌కి పదిరోజులు సెలవులున్నాయి, నాకు అప్పుడే వేరే ఊళ్లో పనుంది. అమ్మని పిలవనని ఇక్కడ మాటివ్వలేను. ఈసారి ఫోన్ చేసేటప్పుడు, ఆ పదిరోజుల్లో తనకేం పనుందో ముందు అడగాలి. నడకకైనా సరే అది పనే అనుకుని అడగాలి.